తగ్గని నీళ్లు

ముందుగా ఒక మాట. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న చెయ్యి నాది. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం అక్కర్లేని చోట సాగినా చదివేవాళ్లే సరిచేసుకోవాలి. ఒక పేజీ నింపడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఆలస్యానికి కూడా మన్నించండి.

*

గేటు ముందు నల్ల కారు చూడగానే సక్కుబాయికి కడుపులో మండింది. అది భానుప్రసాద్ కారు. శనివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలైంది. తనను పిలిచిన ఇంటికి తనకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

సక్కుబాయి ఆదిలాబాద్‌లో ఇరవై ఆరేళ్లు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయింది. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, జనం స్టేషను దాకా తీసుకుపోలేని గొడవలను విచారించి పెడుతోంది. భానుప్రసాద్ ఆమె కింద నాలుగేళ్లు కానిస్టేబుల్. తాళం మీద గీతలు చూడటం, మనిషిని మాటల్లో పెట్టి తేదీలు రాబట్టడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత ఉద్యోగం వదిలేసి ఏసీ ఆఫీసు పెట్టాడు. ఆమె గడప తొక్కాల్సిన మనుషుల్లో సగం మంది ఇప్పుడు అతని మెట్లెక్కుతున్నారు. అది గుర్తొచ్చిన రోజు ఆమెకు అన్నం సయించదు.

ఈ ఇంటి సంగతి నిన్ననే పద్మలత ఫోనులో చెప్పింది. భర్త గోపాల్ పదకొండేళ్లు మస్కట్‌లో పనిచేసి, ఉగాదికి ముందు పూర్తిగా వచ్చేశాడు. ఇంట్లో అత్త కమలవ్వ, తను, హాల్లో నాలుగడుగుల అక్వేరియం. ఆరేళ్లుగా పద్మలత దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటోంది. మూడు వారాల నుంచి అందులో చేపలు చచ్చిపోతున్నాయి. ముప్పై ఒకటి ఉండేవి, పదిహేడు మిగిలాయి. చేపల దుకాణం మల్లేష్ ప్రతి సోమవారం పదకొండింటికి వచ్చి మూడో వంతు నీళ్లు మార్చి, మందు వేసి పోతాడు.

గోపాల్ అనుమానమంతా ఆ మల్లేష్ మీదే. తనను మళ్లీ మళ్లీ పిలిపించుకోవడానికి వాడే చేపలకు విషం పెడుతున్నాడని, ఆ సంగతి పద్మలతకు తెలుసని అంటున్నాడు. ఈ సాయంత్రం అయిదింటికి కులపెద్దలను ఇంటికి పిలిచాడు. వాళ్లు అతని మాట నమ్మితే పద్మలత సంచి సర్దుకుని జమ్మికుంటలోని తల్లిగారింటికి పోవాల్సిందే. చేపలను చంపుతున్నది ఎవరో అయిదులోపు తేలాలి.

హాల్లో భానుప్రసాద్ సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు. ముందున్న బల్ల మీద ప్లాస్టిక్ కవరులో నీలం రంగు మందు సీసా. దాని మీది కాగితం నానిపోయి సగం ఊడింది. సక్కుబాయిని చూసి లేచి నిలబడ్డాడు కానీ, ఆ మర్యాదలో వెటకారం ఉంది. గోపాల్ తనను నెల కిందటే పెట్టుకున్నాడని, ఎదురింటి మేడ మీద గది తీసుకుని కెమెరా బిగించానని, మల్లేష్ వచ్చిన సోమవారాలన్నీ నిమిషాలతో సహా తన దగ్గర ఉన్నాయని చెప్పాడు. మందు పడేది సోమవారం, చేపలు చచ్చేది శనివారం. అయిదు రోజులకు పనిచేసే విషమని తేల్చేశాడు.

"మీరు నేర్పిందే మేడం. చావుకు ముందు ఇంట్లకు ఎవలొచ్చిండ్రో చూడుమన్నరు కదా."

"వచ్చినోళ్లను చూడుమన్న. ఇంట్ల ఉన్నోళ్లను మరువుమన్లే."

గోపాల్ ముఖం గంటు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, నున్నగా గీసిన గడ్డం. పద్మలత వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చేపల తొట్టి వైపు మాత్రం పదేపదే చూస్తున్నాడు. ఆ చూపు శత్రువు ఇంటి వైపు చూసినట్టు ఉంది.

సక్కుబాయి ముందు గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయింది. ఒక్కో చేప చచ్చినప్పుడల్లా పద్మలత ఆ తేదీ గడిలో ఎర్ర చుక్క పెట్టింది. పద్నాలుగు చుక్కల్లో పదకొండు శనివారాల మీదే ఉన్నాయి. తొలి శనివారం గడిలో మాత్రం చుక్క పక్కన చిన్న సున్నా గీసి ఉంది. అదేమిటని అడిగితే, ఆ రోజు నత్తలన్నీ చచ్చాయని, చేపలు కావు గనుక సున్నా పెట్టానని పద్మలత చెప్పింది. డజను నత్తలు. మల్లేష్‌కు చెప్పావా అంటే చెప్పలేదంది. నత్తలను ఎవరు లెక్కపెడతారు?

"ఆ నీలం మందు మొదటిసారి ఎప్పుడు వేసిండు?"

"నత్తలు పోయిన తెల్లారి కాక ఆ తెల్లారి. సోమవారం."

సక్కుబాయి భానుప్రసాద్ వైపు తిరిగింది. మందు రాకముందే చావు మొదలైందన్నమాట. అతను తొణకలేదు. అంతకు ముందు సోమవారం కూడా మల్లేష్ వచ్చాడని, సీసా చూపకుండా కలపడం పెద్ద పని కాదని అన్నాడు. ఆమె లోలోపల పళ్లు కొరికింది. జవాబు బాగుంది. తను నేర్పిన పద్ధతిలోనే ఉంది.

తొట్టి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. పైన ఎయిర్ పంపు గుడగుడలాడుతోంది. రెండు గౌరామి చేపలు నీటి పైకొచ్చి మూతులు తెరిచి గాలి కోసం ఆవులిస్తున్నాయి. ఒక ఏంజెల్ చేప మూలన రెక్కలు ముడుచుకుని ఒక పక్కకు ఒరిగింది. అడుగున తిరిగే చేప ఒక్కటీ లేదు. అద్దం పక్కన మల్లేష్ రాసి అంటించిన కాగితం ఉంది. నల్లా నీళ్లు నేరుగా పోయవద్దు, రాత్రంతా నిలవ ఉంచి పోయాలి, మేత చిటికెడు మించవద్దు, అని మూడు వాక్యాలు.

అప్పుడు ఆమె కన్ను నీటి అంచు మీద ఆగింది.

అద్దం లోపలి వైపు తెల్లటి ఉప్పుగీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆరేళ్ల ఎండాకాలాల్లో నీళ్లు ఆవిరై తగ్గినప్పుడల్లా పడ్డ గీతలు. పైనుంచి కిందికి నాలుగు వేళ్ల మందాన ఉన్నాయి. సోమవారం నిండా పోస్తే, ఈ మే నెల ఎండల్లో శనివారానికి నీళ్లు ఆ కింది గీత దగ్గర ఉండాలి. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. వేలెడు కూడా తగ్గలేదు.

పద్మలతను పక్కకు పిలిచి, మధ్యలో నీళ్లు ఎవరు పోస్తున్నారని అడిగింది. ఎవరూ పోయరని పద్మలత చెప్పింది. తనూ మల్లేష్ తప్ప దాన్ని ముట్టేవాళ్లు లేరంది. గబగబా చెప్పేసింది.

సక్కుబాయి ఫిల్టర్ మూత తీసింది. స్పాంజి మీద సన్నటి పీచు ఒకటి చిక్కుకుని ఉంది. వేలితో తీసి వాసన చూసింది. చింతపండు పీచు. చేపలకు ఎవరూ చింతపండు వేయరు. చింతపండు పెట్టి తోమేది రాగినీ ఇత్తడినీ.

వంటింట్లో నల్లా పక్కన పీట మీద రాగి బిందె తళతళలాడుతోంది. దాని ముందు కమలవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఒకప్పుడు సిరిసిల్లలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టిన చేతులు. వేళ్లు వంకర తిరిగినా పని ఆగలేదు. సక్కుబాయి పక్కనే కూర్చుని నాలుగు కాయలు తీసుకుని తనూ ఒలవసాగింది. మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి మెల్లగా బిందె దగ్గరికి తెచ్చింది. గోపాల్ వచ్చిన కొత్తలో ఇంట్లో ప్లాస్టిక్ బకెట్లు, డబ్బాలు అన్నీ బయట పడేశాడట. ప్లాస్టిక్‌లో నీళ్లు విషమని, రాగి నీళ్లు ఒంటికి మంచివని ఈ బిందె కొన్నాడట.

"మరి నువ్వే తోముతవా అవ్వా?"

"నా ఏళ్లతోని ఏడ తోముత బిడ్డా. నా కొడుకే. బేస్తారం పొద్దుమీకి చింతపండు పెట్టి తోమి నీళ్లు పడ్తడు. శుక్కురారం పొద్దుగాల్ల సూస్తే సగం కూడ ఉండయ్. రాగి గిట్ల తాగుతదేమో అనుకున్న."

సక్కుబాయి చేతిలో కాయ ఆగిపోయింది. గురువారం సాయంత్రం నిండిన బిందె శుక్రవారం పొద్దునకు సగమవుతుంది. శనివారం చేపలు చస్తాయి.

మూడున్నరకు ఆమె తొట్టి నీళ్లు ఒక స్టీలు గ్లాసులో, బిందె నీళ్లు ఇంకోదాంట్లో పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. పద్మలత పిలిస్తే వచ్చిన మల్లేష్ స్కూటరు మీద నీళ్ల క్యాన్లు కట్టుకుని బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి అడుగుపెడితే కాళ్లు విరగ్గొడతానన్నాడు గోపాల్. మల్లేష్ కాగజ్‌నగర్ మనిషి. పదేళ్ల కింద అక్కడి కాగితం మిల్లు మూతపడ్డప్పుడు చేపల పనిలోకి దిగి, మిల్లు మళ్లీ తెరిచినా వెనక్కి పోలేదు. మాట మెత్తన.

నత్తల సంగతి చెప్పగానే అతని ముఖం మారింది.

"నత్తలు ముందు పోయినయా బాయీ? గా ముచ్చట నాకు ఎవ్వలు చెప్పలే. గట్లయితే రాగి. చేప కొంతన్న ఓర్చుకుంటది. నత్త ఒక్క దినం ఓర్చదు. దాని ఎనుక అడుగున తిరిగే చేపలు పోతయ్."

ప్రహరీ గోడ మీద మూడు చిన్న గాజు గొట్టాలు పెట్టాడు. ఒకదాంట్లో తన క్యాను నీళ్లు, ఒకదాంట్లో తొట్టి నీళ్లు, ఒకదాంట్లో బిందె నీళ్లు. తలా అయిదు చుక్కల రాగి పరీక్ష మందు వేసి అయిదు నిమిషాలు ఆగమన్నాడు. క్యాను నీళ్లు పసుపుగానే ఉన్నాయి. తొట్టి నీళ్లు పచ్చబడ్డాయి. బిందె నీళ్లు ముదురు నీలానికి తిరిగాయి. మనుషులను ఏమీ చేయని రాగి చేపల మొప్పలను కాలుస్తుందని అతను చెప్పాడు. చింతపండుతో తోమిన బిందె అయితే రాగి మరింత దిగుతుందట.

సక్కుబాయికి ఒక ఆలోచన వచ్చింది. రాగి నీళ్లు చేపలకు మంచివని గోపాల్‌కు ఎవరు చెప్పి ఉంటారు? భానుప్రసాద్ అయితే? నెల రోజులు నిఘా పెట్టి ఏమీ దొరకక, తనే దొరికేలా చేసి ఉంటే? ఆ ఆలోచన ఆమెకు మిఠాయిలా ఉంది. అడుగులు తేలికయ్యాయి. హాల్లోకి పోయేదాకా కోరుకుంది, అదే నిజమవ్వాలని.

గోపాల్‌ను మెట్ల మీద ఒంటరిగా పట్టుకుంది. గాజు గొట్టాలు చూపించి, శుక్రవారం తెల్లవారుజామున తొట్టిలో బిందె నీళ్లు పోస్తున్నది నువ్వేనని చెప్పింది. అతను ఒప్పుకోలేదు. బిందె తాగడానికేనన్నాడు. రాగి నీళ్ల సంగతి ఎవరు చెప్పారని అడిగితే, ఎవరూ చెప్పలేదు, మస్కట్‌లో గదిలో ఉన్న కేరళ మనిషి రాగి చెంబులో తాగేవాడు, చూసి నేర్చుకున్నానన్నాడు. సక్కుబాయికి నోట్లో మిఠాయి చేదైంది. భానుప్రసాద్ పేరు రాలేదు. తను దర్యాప్తు చేయడం లేదు, కుళ్లుకుంటోంది. ఆ సంగతి తనకు తానే ఒప్పుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

మాటలు విని భానుప్రసాద్ వచ్చాడు. పచ్చ గొట్టాన్ని వెలుతురులో పట్టి చూసి నవ్వాడు.

"మందు నీలం, పరీక్ష నీలం. చేపల మందులల్ల రాగి కలుపుతరని నేను గూడ చదివిన మేడం. ఈ రాగి బిందెల నుంచి వచ్చిందో, మల్లేష్ సీసాల నుంచి వచ్చిందో పెద్దమనుషులకు ఎట్ల చెప్తరు? పరీక్ష చేసింది గూడ మల్లేషే."

ఆ సీసాలో రాగి లేదని మల్లేష్ గేటు అవతలి నుంచి ఒట్టేశాడు. సీసా మందునే పరీక్షించబోతే, దాని నీలంలో పరీక్ష రంగు కలిసిపోయి ఏమీ తేలలేదు. గోపాల్ ఊపిరి వదిలాడు. అతనికి దారి దొరికింది. తను పోశానని ఒప్పుకోవాలంటే, మల్లేష్ బతికించిన చేపలను తను చంపానని మల్లేష్ ముందే చెప్పాలి. ఆ మాట అతని నోట్లోంచి రాదు.

గోపాల్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చేపలు ఆగవు. నాలుగుంబావుకు సక్కుబాయి చీర దోపుకుంది. మల్లేష్ గేటు అవతలి నుంచి చెబుతుంటే పద్మలతా ఆమే చేశారు. గొట్టం పెట్టి పావు వంతు నీళ్లు మెల్లగా తోడేశారు. అంతకంటే ఎక్కువ ఒక్కసారి మారిస్తే ఆ దెబ్బకే పోతాయన్నాడు. మల్లేష్ క్యాన్లలో తెచ్చిన నిలవ నీళ్లు, గిన్నె బోర్లించి దాని మీదుగా జారేలా పోశారు. స్పాంజిని నల్లా కింద పెట్టబోతే గట్టిగా వద్దన్నాడు. అందులో చేపల మురికిని తిని నీళ్లు బాగుచేసే సూక్ష్మజీవులు ఉంటాయట, క్లోరిన్ తగిలితే అవి చస్తాయట. తోడేసిన నీళ్లలోనే పిండి పెట్టారు. రాగిని పీల్చుకునే నల్లబొగ్గు సంచి ఫిల్టర్‌లో వేశారు. రెండు రోజులు మేత లేదు. రోజుకు పావు వంతు చొప్పున వారం మార్చాలి. అప్పటికి ఎన్ని మిగిలితే అన్ని.

పద్మలత మోచేతుల దాకా తడిసి, ఒరిగిన ఏంజెల్ చేపనే చూస్తోంది. దాని మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. గోపాల్ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. అయితే గొట్టం జారబోతే అతని చెయ్యి ముందుకొచ్చి మళ్లీ వెనక్కి పోయింది.

నాలుగూ నలభై. సక్కుబాయి కిటికీలోంచి ఎదురింటి మేడ చూసింది. తెర సందులోంచి కెమెరా అద్దం మెరుస్తోంది. నిఘా పెట్టినవాడు గంటలు ఎంచుకోకూడదని ఒకప్పుడు తనే చెప్పింది. భానుప్రసాద్‌ను వరండాలోకి పిలిచి, కెమెరా సోమవారాలే తిరుగుతుందా, రోజంతా తిరుగుతుందా అని అడిగింది. రోజంతా తిరుగుతుందని, గోపాల్‌కు మాత్రం సోమవారాలే అని చెప్పానని అతను అన్నాడు. మరి శుక్రవారం తెల్లవారుజాము బొమ్మలు చూశావా? చూడలేదు. మల్లేష్ లేని రోజులు అతనికెందుకు?

ఫోను తీసి వేలితో వెనక్కి జరిపాడు. ఒక చోట వేలు ఆగింది. అతని ముఖంలో వెటకారం పోయింది. పెదవి కొరుక్కున్నాడు. ఫోను ఆమెకు చూపించకుండా జేబులో పెట్టుకున్నాడు.

"బిందె కనబడుతున్నది మేడం. శుక్రవారం, అయిదూ ఇరవై. మూడు వారాలు అదే టైము. పెద్దమనుషులకు చూపిస్త. కాని పట్టింది నేనే అని మీ నోటితోని మీరే చెప్పాలె. నెల రోజులు కష్టపడి తప్పు మనిషిని పట్టిన అంటే, ఈ ఊళ్లె నా దగ్గరికి ఎవలొస్తరు?"

సక్కుబాయి లోలోపల లెక్కపెట్టుకుంది. చింతపండు పీచు పట్టింది తను. నీళ్ల గీత చూసింది తను. నత్తల సున్నా చదివింది తను. రేపు ఊరంతా చెప్పుకునేది అతని పేరు. ఆ నల్ల కారు ఇంకో ఇంటి ముందు ఆగుతుంది. లోపల గోడవారగా పద్మలత సంచి కనిపిస్తోంది. ఎవరూ పొమ్మనకముందే సర్దుకుంది.

"చెప్త," అంది సక్కుబాయి. "నువ్వు ముందు చూపియ్యి."

అయిదింటికి ముగ్గురు పెద్దలు వచ్చారు. ముందు లింగమూర్తి, డెబ్బై ఏళ్ల మనిషి. చెప్పులు గేటు దగ్గర విడిచి కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ వినకుండా సూటిగా విషయానికి వచ్చాడు. చేపల సంగతి ముందు తేల్చమన్నాడు. గోపాల్ మల్లేష్ పేరు ఎత్తబోయాడు. సక్కుబాయి లేచి, చేపలు ఎలా చచ్చాయో భానుప్రసాద్ కనిపెట్టాడని, ఆధారం అతని దగ్గరే ఉందని చెప్పింది. గొంతు తడబడలేదు.

భానుప్రసాద్ ఫోను లింగమూర్తి చేతికిచ్చాడు. ఆయనకు అద్దాలు లేక ఏమీ కనబడలేదు. ఎవరు ఇందులో అంటూ పక్కనున్న గోపాల్‌కే అందించాడు.

గోపాల్ చూశాడు. తను, బనీను మీద, రెండు చేతులతో రాగి బిందె పట్టుకుని తొట్టిలోకి వంచుతున్నాడు. బొమ్మ కింద టైము పడింది. తల దించుకుని ఫోను తిరిగి ఇవ్వబోయాడు. ఇస్తూ ఇస్తూ ఆగి, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. వంటింటి తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

జుట్టు విరబోసుకుని, తలుపు చెక్కకు తల ఆనించి, పద్మలత. వీపు తిప్పి నీళ్లు పోస్తున్న భర్తనే చూస్తోంది. అతను వెనక వారం బొమ్మ తీశాడు. అందులోనూ ఉంది. మొదటి శుక్రవారంది తీశాడు. అందులోనూ ఉంది. నవ్వుతోంది.

సక్కుబాయి మెడ ముందుకు చాచి చూసింది. తన క్లయింటు తనకే అబద్ధం చెప్పింది. ఎవరూ ముట్టరని గబగబా చెప్పిన ఆ మాట దేన్ని దాచడానికో ఇప్పుడు తెలిసింది.

గోపాల్ తల ఎత్తి మొదటిసారి పద్మలత వైపు చూశాడు.

"నువ్వు చూసినవా?"

"మొదటి దినం నుంచి."

"రాగి అని తెలిసి గూడ..."

"రాగి సంగతి నాకేం ఎరుక? పొద్దుగాల్ల లేచి, నాకు తెల్వకుండ నా చేపలకు నీళ్లు పోస్తున్నవని ఎరుక," అంది పద్మలత. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "పదకొండేండ్లకు నా దానికి ఒక్క బిందె నీళ్లు తెచ్చినవ్. ఎవలన్న అడిగితె ఎట్ల చెప్పాలె? చెప్తే సిగ్గుపడి మానేస్తవ్."

గోపాల్ ఫోను లింగమూర్తి చేతిలో పెట్టి గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. లింగమూర్తి ఒకసారి అతన్ని, ఒకసారి గోడవార సంచిని చూశాడు. ఇక్కడ తాము తీర్చాల్సిన పంచాయితీ ఏదీ లేదని, మిగతా ఇద్దరిని లేవమని చెప్పి, తన చెప్పులు ఎక్కడ విడిచాడో వెతుక్కోసాగాడు.

*

రాసింది బాలవ్వ, అరవై ఏడేండ్లు. ఇప్పుడు ఉండేది శ్రీరాంపూర్‌లో, చిన్నబిడ్డ ఇంట్లో.